పదమూడో పేజీలో సన్యాసమ్మ

ఈ పుస్తకం చదవబోయే పెద్దలకు ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఇందులో దొర్లబోయే అచ్చుతప్పులకు, హాస్యానికి, హాస్యం లేకపోవడానికి. సముద్రం పదకొండు కిలోమీటర్లు లోపలికి వచ్చినందుకు, అప్పటికి నేను పుట్టకపోయినా సరే. అకాడమీ క్యాంటీను ఉప్మాకు. మా ముత్తాతలు కాల్చిన బొగ్గుకు. ఈ రాష్ట్రంలో ఇంకా కొందరు నాయకులు కాకుండా మిగిలిపోయినందుకు, అన్నిటికీ నాదే పూర్తి బాధ్యత. ప్రజాపాలనా నాయకత్వ అకాడమీలో మూడో తరగతి కేసు రచయితను, గండి తవిటినాయుడు, ఎం.ఏ., అనే నేను ఇంత బరువు మోయగలనని మా ప్రొఫెసరు గారు కూడా అనుకుని ఉండరు.

కేసు రచయిత పదోన్నతికి ముందు ఇరవై ఒక్క రోజులు ఆత్మపరిశీలన దినచర్య రాయాలని నిబంధన. ఆత్మ ఉందో లేదో తనిఖీ చేసే నిబంధన మాత్రం లేదు. కాబట్టి రాస్తున్నాను.

1వ రోజు, సోమవారం

పొద్దున్నే కళ్ళజోడు మీద ఉప్పు గీకాను. డబ్బా పట్టుకుని కుళాయి ముందు నిలబడి వేలిముద్ర వేసి నా పన్నెండు లీటర్లు పట్టాను. రెండు తాగడానికి, నాలుగు వంటకి, ఐదు ఒంటికి, మిగిలిన ఒకటి ఆత్మగౌరవానికి. మర్నాటికి దాచుకోవడానికి లేదు, నిల్వ నేరం.

తర్వాత క్లాసు. మా అకాడమీలో పాఠాలు చెప్పరు. ఏదో ఒక ఊళ్ళో నిజంగా వచ్చిన చిక్కును పన్నెండు పేజీల్లో రాసి, అధికారి నిర్ణయం తీసుకోవలసిన క్షణం దగ్గర టక్కున ఆపేస్తాం. దాన్ని కేసు అంటాం. ముప్పై మంది ప్రొబేషనర్లు గంటన్నరసేపు వాదించుకుని చేతులెత్తుతారు. దేనికి ఎక్కువ చేతులు లేస్తే అది నిర్ణయం. ఆ నిర్ణయం వెంటనే పంతులుకు వెళ్తుంది.

పంతులంటే మనిషి కాదు. కుళాయిలు, కరెంటు, పడవలు, రేషను నడిపే యంత్రం. దాని సర్కారీ పేరు రెండు వరుసలుంటుంది కాబట్టి జనం ఇలా కుదించారు. సొంతంగా ఆలోచించడం దానికి చట్టరీత్యా నేరం. ఒకసారి ఆలోచించి మూడు జిల్లాలకు ఒకే పూట కరెంటు ఆపిందట. అందుకని ఎక్కడ ఏ చిక్కు వచ్చినా, దానికి దగ్గరగా ఉన్న మా కేసును వెతికి, మా క్లాసు చేతులెత్తిన ప్రకారం చేస్తుంది. అంటే రాష్ట్రాన్ని యంత్రం పాలించడం లేదు, మా క్లాసు పాలిస్తోంది. క్లాసును నా పన్నెండు పేజీలు పాలిస్తున్నాయి. ఈ సంగతి మా అమ్మకు చెబితే ముందు గది తుడవమంది.

నా కీర్తిపతాక కేసు నంబరు 412. ఉప్పలవలసలో ఎగువ వీధికీ దిగువ వీధికీ నీళ్ళ తగాదా. వీళ్ళ పైపులు వాళ్ళు, వాళ్ళ పైపులు వీళ్ళు పగలగొట్టుకున్నారు. యువ కమిషనరు రెండు వీధులకూ కలిపి మూడు రోజులు నీళ్ళు బంద్ చేశాడు. మూడో రోజు సాయంత్రానికి రాజీ. ఒక్క ప్రాణం పోలేదు. బంద్ చెయ్యడమే సరైందని మొన్న జనవరిలో ముప్పై చేతులకు ముప్పై లేచాయి. ప్రొఫెసరు మార్తాండం గారు నా భుజం తట్టారు. ఆయన తట్టిన భుజాలన్నీ తర్వాత రెండో తరగతికి వెళ్ళాయి.

2వ రోజు, మంగళవారం

ఉదయం పంతులు నివేదిక వచ్చింది. 412 ప్రకారం నాగులపేటలో మూడు రోజులు బంద్. రాజీ కుదిరింది, నలుగురు పోయారు. 412 ప్రకారం కొత్తరేవులో మూడు రోజులు బంద్. రాజీ కుదిరింది, తొమ్మిది మంది పోయారు. కింద చిన్న అక్షరాల్లో, "ఫలితంలో స్వల్ప వ్యత్యాసం."

"ఎండలు ముదిరాయి కదా నాయుడూ," అన్నారు ప్రొఫెసరు గారు, తన గ్లాసు మీద మూత పెట్టుకుంటూ.

"ఉప్పలవలస కూడా మే నెలేనండి."

"అయితే అక్కడ నాయకత్వం బలంగా ఉందన్నమాట."

నివేదిక చివర తరువాతి అమలు ఉంది. పెదలంక, వచ్చే వారం శనివారం నుంచి, అంటే ఈ దినచర్యలో పదమూడో రోజు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. క్యాంటీనులో ఉప్మా తిన్నాను. ఉప్మా ఎప్పటిలాగే ఉంది.

4వ రోజు, గురువారం

గేటు దగ్గర నా కోసం ఒకావిడ వచ్చిందన్నారు. వెళ్ళేసరికి నడుముకు ఉద్యోగపు పచ్చ బిళ్ళ వేలాడే తాళాల గుత్తి, చేతిలో నా 412. ఉప్పలవలస వాల్వుల సన్యాసమ్మ. ఆ ఊరి ప్లాంటులో ఇరవై ఏళ్ళుగా వాల్వులు తిప్పేది ఈవిడే. కేసు కోసం నేను వెళ్ళినప్పుడు రెండు పూటలు చేపల పులుసు పెట్టి మొత్తం సంగతి చెప్పింది కూడా ఈవిడే.

"బాబూ, నాకు సదువొచ్చు. రెండుమాట్లు సదివినాను. ఇందులో నానెక్కడున్నాను?"

"పేజీలు సరిపోలేదు పిన్నీ."

"పేజీలు సాలక మనిసిని తీసేసినోణ్ణి ఇదే సూడ్డం."

నిజం ఏమిటంటే ఉప్పలవలసలో నీళ్ళు పూర్తిగా బంద్ కాలేదు. ప్రతి మధ్యాహ్నం ప్లాంటులో ఫిల్టర్లు కడుగుతారు. ఆ ఇరవై నిమిషాలు పంతులు మీటరుకు కళ్ళు కనపడవు. రిపేర్ల కోసం పెట్టిన పక్క వాల్వు ఒకటుంది. సన్యాసమ్మ మూడు రోజులూ ఆ ఇరవై నిమిషాలూ దాన్ని తిప్పింది. ఒకటే గొట్టం కాబట్టి ఎగువ వీధీ దిగువ వీధీ ఒకే వరసలో బిందెలతో నిలబడాల్సి వచ్చింది. మొదటి రోజు మొహాలు తిప్పుకున్నారు. రెండో రోజు ఎవరి బిందెకో చిల్లుంటే ఇంకెవరో మైనం ఇచ్చారు. మూడో రోజు వరసలోనే రాజీ మాట్లాడుకున్నారు. నా మొదటి రాతలో అదంతా పదమూడో పేజీ. కేసు పన్నెండు పేజీలు దాటరాదు, కథానాయకుడు ఒక్కడే ఉండాలి అని ప్రొఫెసరు గారు గుర్తుచేస్తే ఆ పేజీ చింపాను. చింపేటప్పుడు నాకు పెద్ద కష్టం కూడా అనిపించలేదు. కేసు చదవడానికి హాయిగా అయింది.

"నాగులపేటలో పక్క వాల్వు తిప్పినోళ్ళు లేరు," అంది సన్యాసమ్మ. "కొత్తరేవులోనూ లేరు. అందుకే సచ్చిపోనారు. నీకు తెలుసు గదా."

"ఊఁ."

"పెదలంకలో మా అప్ప వుంది, నా తోడబుట్టినాది. పోలమ్మ. మంచంలోంచి లెగవలేదు. అక్కడి వాల్వు గుంటడు నా దగ్గర పని నేర్సుకున్నోడే, అడ్డు సెప్పడు. నాను పడవెక్కి ఎల్లి, ఆ మూణ్ణాళ్ళూ మద్దేన్నం వొకపాలి తిప్పీసి వొచ్చెస్తాను. నీకోపాలి సెప్పి ఎల్దామని వొచ్చినాను. మళ్ళీ రాసీకు."

ఇక్కడ నాలోని ప్రజాపాలన మేల్కొంది. పెదలంక ఒక్కటే అయితే సరే, తర్వాత ఎన్ని ఊళ్ళని తిప్పుతావు, నీ మోకాళ్ళు ఒప్పుకుంటాయా అన్నాను. నేనుండగా దొంగదారెందుకు, కేసును సరిదిద్దుతాను, క్లాసు మళ్ళీ చేతులెత్తుతుంది, పంతులు తనంత తానే బంద్ మానేస్తుంది అన్నాను.

"నా వుజ్జోగం పోదేటి?"

"కేసుల్లో పేర్లు మారుస్తాం పిన్నీ. నువ్వు వరలక్ష్మివో వసంతవో అయిపోతావు."

ఆవిడ చాలాసేపు తాళాలు లెక్కపెట్టుకుంది.

"నువ్వు సదువుకున్నోడివి. నీ మాటే కానీ," అంది.

5వ రోజు, శుక్రవారం

చింపిన పేజీ మళ్ళీ రాసి, సవరణ దరఖాస్తుకు జతచేసి ఇచ్చాను. ప్రొఫెసరు గారు పదమూడో పేజీ చదివి కళ్ళజోడు తీశారు.

"ఈవిడ కథానాయిక కాలేదయ్యా. నిర్ణయాధికారం లేదు. వాల్వు తిప్పడం నిర్ణయం కాదు, విధి ఉల్లంఘన."

"ప్రాణాలు నిలబడింది ఆ ఉల్లంఘన వల్లేనండి. ఈ పేజీ లేకపోతే పెదలంకలో కూడా పోతారు."

"పోతారంటావా?"

"రెండు ఊళ్ళలో పోయారు కదండీ."

ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. మంచివారే. కుక్కలకు బిస్కట్లు వేస్తారు. "సరే, చర్చకు పెడదాం. కానీ కేసు ఎప్పుడూ అధికారి నిర్ణయం దగ్గరే ఆగాలి, అది పద్ధతి. మూడో రోజు మధ్యాహ్నం కమిషనరుకు ఈవిడ సంగతి తెలిసింది. ఇప్పుడాయన ఏం చెయ్యాలి? అక్కడ ఆపు. ఘర్షణ ఉంది నాయుడూ, దీంట్లో మంచి ఘర్షణ ఉంది."

నిజానికి కమిషనరుకు ఏనాడూ తెలియలేదు. అయినా నేను తలూపాను. క్లాసుకు పెడితే చాలనుకున్నాను. గురువారం, అంటే పదకొండో రోజు, పెట్టించారు. ఆనవాయితీ ప్రకారం కేసులోని అసలు మనిషిని కూడా పిలిపించమన్నారు. మా దగ్గర అదొక ముచ్చట: ఆ మనిషి చివరి బెంచీలో ఎవరికీ తెలియకుండా కూర్చుంటుంది. చేతులు లేచాక ముందుకు పిలిచి, ఇదిగో ఈవిడే అని చూపిస్తాం. పిల్లలు ఆశ్చర్యపోతారు. శాలువా కప్పుతాం.

8వ రోజు, సోమవారం

మూడు రోజులుగా రాస్తున్నాను. ఎగువ వీధి పైపుల వర్ణన తీసేశాను. బిందె చిల్లు, మైనం తీసేశాను, అందంగా ఉన్నా కథ నడక ఆగుతోంది. వరసలో నిలబడటం ఒక్క వాక్యానికి కుదించాను. మధ్యాహ్నం ఫిల్టర్లు, మీటరు గుడ్డితనం మాత్రం వివరంగా రాశాను. అది లేకపోతే ఎవరూ నమ్మరు. సన్యాసమ్మ పేరు వసంతగా మార్చాను. కమిషనరు ఆఫీసు గదిలో ఒంటరిగా నిలబడి, కిటికీలోంచి బిందెల వరస చూస్తూ ఫోన్ ఎత్తబోయే చోట కేసు ఆపాను.

సరిగ్గా పన్నెండు పేజీలు. చదువుకుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది.

11వ రోజు, గురువారం

సన్యాసమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తాళాల గుత్తి విప్పి సంచిలో పెట్టుకోమన్నాను, గుర్తుపడతారని. చివరి బెంచీలో కూర్చుంది. నేను బోర్డు పక్కన నిలబడ్డాను. ఎవరేమన్నారో బోర్డు మీద రాయడం రచయిత పని. రచయిత మాట్లాడకూడదు, ఓటు లేదు.

మొదటి ఇరవై నిమిషాలు మామూలే. తర్వాత తేజోమయి లేచింది. క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల, ఎప్పుడూ పెన్ను మూత నోట్లో పెట్టుకుంటుంది.

"సార్, వసంత మంచిదే. నాకు ఆవిడంటే గౌరవం. కానీ కమిషనరు దగ్గర ఒక ప్రణాళిక ఉంది. దాన్ని కింది ఉద్యోగి రహస్యంగా మార్చేసింది. ఫలితం బాగుంది కాబట్టి సరే అందామా? రేపు ఇంకో ఉద్యోగి ఇదే ఇరవై నిమిషాల్లో నీళ్ళు అమ్ముకుంటే?"

"అమ్ముకోలేదు కదా," అన్నాడు పక్కవాడు.

"అమ్ముకోలేదని మనకెలా తెలుసు? కేసులో లేదు."

అవును, కేసులో లేదు. అమ్ముకోలేదని రాయాలని నాకు తట్టలేదు.

వెనక వరసలోంచి సోమేశ్వర్ అనే మెల్లకన్ను కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, వాళ్ళు ఒకే వరసలో నిలబడ్డారని ఒక వాక్యం ఉంది. రాజీ దానివల్లేమో? బంద్ వల్ల కాదేమో?"

నా చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. ప్రొఫెసరు గారు చిరునవ్వు నవ్వారు.

"మంచి పరిశీలన. కానీ అది సమాజశాస్త్రం బాబూ. మనది నాయకత్వం. కమిషనరు చేతిలో ఫోన్ ఉంది. ఏం చెయ్యాలి?"

బోర్డు మీద రెండు దారులు రాశాను. ఒకటి: చూసీ చూడనట్టు ఊరుకుని, బంద్ ఎత్తేయడం. రెండు: బంద్ కొనసాగించి, ఉద్యోగిని తొలగించి, అన్ని ఊళ్ళలో పక్క వాల్వులకు వెల్డింగు పెట్టించడం. రెండో దారిలో వెల్డింగు మాట తేజోమయి చేర్చింది. "దయ ఒక మనిషి జేబులో తాళంగా ఉండకూడదు సార్. ఉంటే అది దయ కాదు, పెత్తనం," అంది. అందరూ ఒకేసారి మాట్లాడారు.

చేతులు లేచాయి. మొదటిదానికి పన్నెండు. రెండోదానికి పద్దెనిమిది. నేను బోర్డు మీద రాశాను. బోర్డు మూలన పచ్చ దీపం వెలిగింది. పంతులుకు అందిందని అర్థం.

అప్పుడు ప్రొఫెసరు గారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు మీకో ఆశ్చర్యం. ఆ వసంత ఇక్కడే ఉన్నారు."

సన్యాసమ్మ బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తేజోమయి కళ్ళు తుడుచుకుంది. శాలువా కప్పారు, ప్లాస్టిక్ గులాబీలు ఇచ్చారు. రెండు మాటలు చెప్పమన్నారు.

"ఎల్లుండి పెదలంకలో బంద్ అంట. మా అప్ప అక్కడుంది," అంది. "మీరిప్పుడు సేతులెత్తింది దానిగ్గాదు గదా? ఇది ఎప్పుడో అయిపోయిన మా వూరి కత గదా?"

సోమేశ్వర్ తల దించుకున్నాడు.

"నిర్ణయం నమోదైపోయిందమ్మా," అన్నారు ప్రొఫెసరు గారు, చాలా మెత్తగా. "మీ అనుభవం తరువాతి బ్యాచ్‌కు ఎంతో ఉపయోగపడుతుంది."

ఆమె సంచిలో తాళాల బిళ్ళ కీచుమంది. తీసి చూసుకుంది. పచ్చగా ఉండాల్సిన బిళ్ళ ఎర్రగా ఉంది, అంటే ఉద్యోగం పోయింది. పేరు మార్చాను, నిజమే. ఊరు మార్చలేదు, ఆ ఊళ్ళో వాల్వులు తిప్పే మనిషి ఒక్కతే. పంతులుకు ఆలోచించడం నిషేధం, కూడికలు నిషేధం కాదు.

12వ రోజు, శుక్రవారం

నలభై ఒక్క ఊళ్ళలో పక్క వాల్వులకు వెల్డింగు పూర్తయిందని మధ్యాహ్నానికే నివేదిక వచ్చింది. సర్కారు పని ఇంత తొందరగా జరగడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

పెదలంక పడవకు సన్యాసమ్మ వెళ్ళిందట. ఎర్ర బిళ్ళతో పడవ ఎక్కనివ్వలేదు. రేవు మెట్ల మీద సాయంత్రం దాకా నీళ్ళ బిందె పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా పట్టుకెళ్తారేమోనని. నిల్వ నేరం కింద బిందె తీసేసుకున్నారు. ఇవన్నీ రేవు గుమస్తా చెబితే తెలిశాయి. నేను వెళ్ళలేదు. రెండోసారి సవరణ దరఖాస్తు రాస్తూ కూర్చున్నాను.

13వ రోజు, శనివారం

దరఖాస్తు తిరిగొచ్చింది. ఒక కేసును ఒక విద్యా సంవత్సరంలో రెండుసార్లు సవరించరాదు.

నా పన్నెండు లీటర్లు పట్టుకున్నాను. ఇవాళ ఒంటికి పోసుకోలేదు. దానివల్ల పెదలంకకు ఒరిగేదేమీ లేదని తెలుసు. కంపు కొట్టాను, అంతే.

16వ రోజు, మంగళవారం

పంతులు నివేదిక: పెదలంకలో రాజీ కుదిరింది. పద్నాలుగు మంది పోయారు. ఫలితంలో స్వల్ప వ్యత్యాసం.

జాబితా తెప్పించుకున్నాను. ఆరో పేరు పోలమ్మ, వయసు అరవై ఏడు. జాలరి పేట వాళ్ళు ఎనిమిది మంది, బోట్ల పేట వాళ్ళు ఆరుగురు. రెండు పేటల మధ్యే కదా తగాదా. మొత్తానికి ఇద్దరికీ దాదాపు సమానంగా అందింది.

ప్రొఫెసరు గారు గదిలోకి పిలిచారు. కొత్త 412ను బయటి అకాడమీలు రెండు అడిగాయట. నాకు రెండో తరగతి ఖాయమట. భుజం తట్టారు. తట్టాక కాసేపు చెయ్యి అక్కడే ఉంచారు. "నిద్ర పడుతోందా నాయుడూ?" అన్నారు. పడుతోందన్నాను. ఆయనకు పడటం లేదన్నారు.

19వ రోజు, శుక్రవారం

సన్యాసమ్మ గేటు దగ్గరకు వచ్చింది. శాలువా మడతపెట్టి నాకిచ్చింది.

"ఇది మీ ఆపీసుది. నాకొద్దు."

"పిన్నీ, నేను నిన్ను వెళ్ళనిచ్చి ఉంటే..."

"అదిప్పుడెందుకు. వొగ్గీ." ఆవిడ రేవు వైపు చూసింది. "మా అప్పకి రెండో నాడే అయిపోనాదంట. పక్కింటోళ్ళు తాము దాసుకున్న గుక్కెడు నీళ్ళలోంచి నోట్లో గుడ్డ తడిపి పిండినారంట. బోట్ల పేటోళ్ళు. తగువున్నోళ్ళే."

నోటికి దొరికింది అన్నాను. "క్లాసులో పన్నెండు మంది నీ వైపే చేతులెత్తారు పిన్నీ."

"సూసినాను బాబూ," అంది. "ఎనక బెంచీలో కూకుంటే మొకాలు అగుపించవు. సేతులు బాగా అగుపిస్తాయి. బోర్డు కాడ నిలబడ్డోళ్ళది మొకమూ అగుపిస్తాది."

అంతే అని వెళ్ళిపోయింది.

పదమూడో పేజీ చింపమన్నది ప్రొఫెసరు గారు. కేసు ఎక్కడ ఆపాలో చెప్పింది పద్ధతి. వెల్డింగు తేజోమయిది, బంద్ పంతులుది. ఇవన్నీ నావేనని ఒప్పేసుకోవడం నాకు చాలా తేలిక, పుణ్యం కూడా. కానీ నేను నేనుగా, ఎవరూ చెప్పకుండా చేసింది ఒకటుంది. ఆ రోజు తేజోమయి దయ గురించి ఆ మాట అనగానే నా గుండె ఝల్లుమంది. నేను రాసిన కేసు అంత బాగా పలికిన రోజు ఇంకోటి లేదు. ఆ సంతోషంలో నాకు పెదలంక గుర్తు లేదు, పోలమ్మ గుర్తు లేదు. రెండో దారికి చేతులు అడిగినప్పుడు పద్దెనిమిది మంది ఎత్తారు. రచయితకు ఓటు లేదు కాబట్టి నన్నెవరూ అడగలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. అయినా, చాక్‌పీసు పట్టుకున్న చేత్తోనే, నేనూ ఎత్తాను.